తోడికోడలి పడవ పక్కన

గాలివానలో చిన్నకోడలు తన మోటారు పడవను రేవు దాకా తెచ్చేసరికి బాగా చీకటి పడింది. కట్టుకోవడానికి తోడికోడలి కొత్త పడవ పక్కన తప్ప చోటు లేదు. ఆ తెల్లటి పడవ కంటపడినప్పుడల్లా ఆమెకు కడుపు మండిపోయేది. పొద్దున ఎవరూ చూడకుండా దాని కట్టుతాడు ముడిని వదులు చేసి మరీ వెళ్ళింది. అయినా అది చెక్కు చెదరకుండా అక్కడే ఉంది.

పడవలు ఒరుసుకోకుండా వేలాడదీసే టైర్లను పైకి లాగేసుకుని, ఆ పడవ అంచున తోడికోడలు నిలబడి ఉంది.

"అక్కా, ఈ తాడు అందుకో!"

తోడికోడలు చెయ్యి చాచలేదు.

"గీత పడితే నేనే రంగు వేయిస్తాలే! మహారాణిలా చూస్తావేంటి, పట్టుకో!"

రెండుసార్లు విసిరింది. రెండుసార్లూ తాడు నీళ్ళలోనే పడింది. అంత గాలిలోనూ అక్క పమిట చెంగు కదలడం లేదని అప్పుడు గమనించింది.

సంచిలో ఫోను మోగింది.

"ఎక్కడున్నావే?" తోడికోడలు ఇంటి నుంచి ఏడుస్తోంది. "మా పడవ ముడి ఊడి ఎటో కొట్టుకుపోయిందే. మీ బావగారు రేవులో చూసి ఇప్పుడే ఇంటికొచ్చారు. పోతే పోయింది, నువ్వు జాగ్రత్తగా రా. మా చోటు ఖాళీగానే ఉంది, అక్కడే కట్టుకో."

నీళ్ళలో పడిన తాడు మెల్లగా బిగుసుకుంది. అవతలి నుంచి ఎవరో మూర మూరా లాగుతున్నారు. చిన్నకోడలు ఫోను వదిలేసి, తన పడవకు కట్టిన తాడు ముడి విప్పబోయింది. పొద్దున అక్క ముడిని ఇట్టే వదులు చేసిన వేళ్ళకు, ఇప్పుడు తన ముడి లొంగడం లేదు.