కాలు మీద కాలు

రండి, ఇలా దగ్గరికి జరగండి. వెనకాల గుసగుసలు ఆపితే మొదలుపెడతాను. ఆపకపోతే నాకేం, కథ నా కడుపులోనే ఉంటుంది, అరిగిపోదు.

ఒక ఫుట్‌బాల్ క్లబ్బు. ఆ క్లబ్బులో ఒకప్పుడు గొడ్డలి అని ఒక ఆటగాడు.

అసలు పేరు వాళ్లమ్మకైనా గుర్తుందో లేదో. ఒకసారి ఎడంకాలితో కొడితే బంతి, గోల్‌కీపరు, వల మూడూ కలిసి వెనక వీధిలో దర్జీ కొట్లో పడ్డాయి. బంతిని తిరిగిచ్చాడు, గోల్‌కీపర్ని తిరిగిచ్చాడు, వల మాత్రం కిటికీకి పరదా కుట్టుకున్నాడు దర్జీ. ఇప్పటికీ ఉంది, నేను చూశాను.

ఆట మానేశాక గొడ్డలి అదే క్లబ్బులో కోచ్‌కి అసిస్టెంటుగా మూడేళ్లు చేశాడు.

ఒక శుక్రవారం పొద్దున్నే కబురు తెలిసింది. ఉద్యోగం వదిలేశాడట, మధ్యాహ్నం వెళ్లిపోతున్నాడట.

అభిమానులందరికీ పెద్ద ఒక బస్సు కండక్టరు. ఆయన విజిల్ వేస్తే పక్క రూట్లో బస్సు కూడా ఆగుతుంది. డ్యూటీకి సెలవు పెట్టి, బావమరిదిని వెంటేసుకుని, నలభైమందిని పోగేసి క్లబ్బు గేటుకి అడ్డంగా నిలబడ్డాడు. కాళ్లు పట్టుకునైనా సరే గొడ్డలిని ఉంచేసుకోవాలి.

బ్యానరుకి రెండు కర్రలు. ఒకటి బావమరిది పట్టుకున్నాడు. రెండోది పట్టుకోవాల్సినవాడు టీకని వెళ్లి మళ్లీ కనబడలేదు.

గేటు పక్కన చేతిసంచీతో ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. ఎవరూ ఎరగని మొహం. కండక్టరు మాటైనా అడక్కుండా కర్ర ఆయన చేతిలో పెట్టాడు.

"పెద్దాయనా, మీరూ గొడ్డలి అభిమానేనా?"

"చిన్నప్పటి నుంచీ." గొంతు పక్కనున్నవాడికే సగం వినబడింది.

"మీ చిన్నప్పటికి ఆయనింకా పుట్టలేదుగా" అన్నాడు బావమరిది.

"నా చిన్నప్పటి నుంచి కాదు బాబూ. వాడి చిన్నప్పటి నుంచి."

అందరూ నవ్వారు. ముసలాయనా నవ్వాడు.

ఎండ నడినెత్తికొచ్చింది. బావమరిది నాలుగుసార్లు చేతులు మార్చుకుని, చివరికి కర్రని గేటుకి ఆనించేశాడు. ముసలాయన కర్ర మాత్రం నాటినట్టు నిలబడింది.

ఊసుపోక కండక్టరు ఆయనకి తన గొప్ప చెప్పుకున్నాడు. జట్టుకి పట్టిన శనిని వదిలించింది తనేనన్నాడు.

బెంచీ మీద గొడ్డలి పక్కన బూడిదరంగు టోపీవాడొకడు కూర్చునేవాడట. గ్యాలరీ మైదానానికి అవతలివైపు కాబట్టి టోపీ, కాళ్లు తప్ప ఏమీ తెలిసేది కాదట. వాడు కాలు మీద కాలు వేశాడా, మన జట్టు మీద గోల్ పడ్డట్టే. పదకొండు గోల్స్ పడితే పదకొండుసార్లూ వాడి కాలు పైనే ఉంది. కండక్టరు అన్నీ టికెట్ల కట్ట వెనక రాసుకున్నాడు. ఆ శనిగాణ్ణి బెంచీ మీంచి లేపెయ్యాలని మూడొందల సంతకాలతో అర్జీ పెట్టాడు. సంతకాలకి బావమరిది పెన్సిల్ తెస్తే, చెరిగిపోతాయని తిట్టి పెన్ను తెప్పించాడు. క్లబ్బు సెక్రటరీ హడలిపోయి మొన్న మంగళవారమే టోపీవాణ్ణి సాగనంపాడు.

ముసలాయన అంతా విన్నాడు.

"కాలు సంగతి బాగానే కనిపెట్టారు" అన్నాడు.

రెండు దాటింది. ఆయన కర్ర వదలకుండానే గేటు మెట్టు మీద కూలబడ్డాడు. లోపలికి ఒకసారి చూశాడు.

కాలు మీద కాలు వేశాడు.

కండక్టరు నోట్లో నినాదం సగంలో ఆగిపోయింది. ఆ మోకాలు, ఆ వేలాడే పాదం ఆయనకి తెలుసు. ఏడాదంతా చూసినవే.

అలవాటు కొద్దీ గోల్ ఎటునుంచి పడుతుందోనని తల తిప్పాడు.

లోపల్నుంచి గొడ్డలి వస్తున్నాడు, భుజాన బ్యాగుతో.

బావమరిదికి ఇవేమీ పట్టలేదు. ఎదురెళ్లి, "అన్నా, నిన్ను పొమ్మన్నది ఎవడో పేరు చెప్పు చాలు. వాడి సంగతి మేం చూసుకుంటాం" అన్నాడు.

గొడ్డలి వంగి, ముసలాయన చేతిలోంచి కర్ర తీసి కండక్టరు చేతికిచ్చాడు. ఆయన సంచీ తన భుజానికి తగిలించుకున్నాడు.

"నాకోసం మానొద్దని ఎన్నిసార్లు చెప్పాన్రా" అన్నాడు ముసలాయన.

"మీరు లేని బెంచీ మీద కూర్చుని నేనేం చెయ్యను సార్?"

తర్వాత కండక్టరు వైపు తిరిగాడు. కోపంగానైనా అడిగితే బాగుండేది. నెమ్మదిగా చెప్పాడు.

"నాకు పదేళ్లప్పుడు మొదటి బంతి ఇచ్చింది ఈయనే. ఈయన కాలు వేస్తే గోల్ పడడం కాదండీ. పడబోతోందని ఈయనకి అందరికంటే ముందే తెలిసేది. గొంతు లేవదు కదా, అందుకని కాలు వేసి నాకు సైగ చేసేవారు. అది చూసి నేను మావాళ్లకి అరిచేవాణ్ణి. పదకొండు పడ్డాయని అర్జీలో రాశారు, నిజమే. ఆగినవి ఎక్కడైనా రాసుకున్నారా?"

కండక్టరు జేబులో టికెట్ల కట్ట ఉంది. తియ్యలేదు.

నలభైమందీ వాళ్లంతట వాళ్లే పక్కకి తప్పుకున్నారు. ఇద్దరూ నడిచి వెళ్లిపోతున్నారు. ముసలాయన అడుగుకి తగ్గట్టు గొడ్డలి తన అడుగు చిన్నది చేసుకున్నాడు. కండక్టరు విజిల్ నోట్లో పెట్టుకున్నాడు. బస్సుల్ని ఆపే ఊపిరి ఆ రోజు రాలేదు.

వాళ్లు మలుపు తిరిగారు. అప్పుడు బావమరిది గొంతు సవరించుకున్నాడు.

"అందుకే బావా, పెన్సిల్‌తో పెడదామన్నాను."