రెండో చుట్టు

లారీ డ్రైవరూ భార్యా మాటలు మానేసి తొమ్మిది రోజులైంది. అయినా రోజూ పొద్దున్నే అతను గుమ్మంలో నిలబడి గోడకు చెప్పేవాడు.

"స్టార్టరు మళ్ళీ మొరాయిస్తోంది. ఎవరైనా వచ్చి తాళం తిప్పాలి."

ఆవిడ మూతి ముడుచుకునే వచ్చి క్యాబిన్‌లో కూర్చునేది. అతను లారీ కిందికి దూరి, పానాతో ఏదో బిగించి, స్టార్టరు మోటారుకు రెండు దెబ్బలేసి "తిప్పు" అనేవాడు. "తిప్పా" అనేది ఆవిడ. రోజు మొత్తానికి అవే మాటలు.

పదోరోజు ఓనరు పంపిన మెకానిక్ కొత్త మోటారుతో దిగాడు. కిందికి దూరి, పాతదాన్ని తడిమి చూశాడు.

"ఇది గుండ్రాయిలా ఉందన్నా. వైరు నట్టే రెండు చుట్లు వదులైంది."

డ్రైవరు పక్కన చేరి గొణిగాడు. "మెల్లగా అనవయ్యా. నేను వదులు చేసింది ఒక్క చుట్టే."

ఇద్దరూ లారీ కిందనుంచి తల బయటపెట్టి పైకి చూశారు.

క్యాబిన్‌లో ఆవిడ, గ్రీజంటిన వేళ్ళు వెనక్కి దాచుకుని, "తిప్పనా?" అంది.