ఎనిమిదో చీటీ

ఆశన్న ఫొటో గోడ ఎక్కకుండా ఆపింది భూమేశే. అందులో అనుమానం లేదు.

గల్ఫ్‌లో, అల్ నహ్దా పేటలోని ఓ ఫ్లాటు హాల్లో, ఆట మానేసిన కబడ్డీ వీరుల ఫొటోలు గోడ నిండా ఉన్నాయి. ఎవరిది ఎక్కాలో పాత ఆటగాళ్ళు ఎనిమిది మంది చీటీలు వేసి తేలుస్తారు. ఒప్పుకున్నవాడు పేరు రాస్తాడు, కానివాడు ఇంటు గీస్తాడు. ఆరుగురు రాయాలి. ఆశన్నకు మూడేళ్ళుగా అయిదే వస్తున్నాయి. నాలుగో ఏడూ తప్పితే పేరు కొట్టేస్తారు.

ఫొటోకు ఫ్రేము కట్టించి పంపింది భార్య ఐలవ్వ. గోడకెక్కినాక వీడియోలో చూపమంది. కరోనాలో పోయింది. ఆశన్న మట్టికి కూడా అందలేదు. ఫ్రేము మంచం కిందే ఉండిపోయింది.

మీరా హుస్సేన్ ఇంటు గీస్తానని బాహాటంగానే చెప్పాడు. తన పేరు తానే రాసుకుని గోడకెక్కాడని ఆశన్న అతన్ని ఏడాదంతా ఎగతాళి చేశాడు మరి. అతని బావమరిదీ అతని వెంటే. మూడోవాడు భూమేశ్ కాక ఇంకెవడు? ఒకప్పటి ఆటలో ఆశన్న పట్టుకు భూమేశ్ కుడిచెయ్యి విరిగింది. అప్పట్నుంచి ఎడమచేత్తోనే తింటాడు, రాస్తాడు.

నాలుగో ఏడు చీటీలు వేసే ఆదివారం ఆశన్న ఫ్రేము వెంట తెచ్చుకున్నాడు. అందరికన్నా చివర చీటీ మడిచి డబ్బాలో వేశాడు. లెక్కపెట్టే రాజశేఖర్ తల ఎత్తకుండా చెప్పాడు.

"అయిదే అన్నా."

ఆశన్న లేచి భూమేశ్ మెడ చంకలో ఇరికించి బండల మీదికి విసిరాడు. రొమ్ముమీద కూర్చుని మూతి మీద గుద్దాడు. పన్ను ఊడి పడింది. అడ్డం పెట్టిన వంకర చేతినే మళ్ళీ మెలితిప్పాడు.

"నీ చెయ్యి ఇరగ్గొట్టిన్నని నాలుగేండ్ల సంది పగ తీర్చుకుంటున్నవారా?"

"నీ పేరే రాసిన్నన్నా."

ఆశన్న ఫ్రేము ఎత్తి అతని నెత్తిన కొట్టాడు. అద్దం పగిలింది. నెత్తురు కారి ఫొటోలోని మొహాన్ని ముంచేసింది.

నలుగురు కలిసి ఆశన్నను లాగారు. ఎవరి రాతా బయటపడొద్దని ఏటా చీటీలు చించేసే రాజశేఖర్, ఈసారి వాటిని అతని ముందర కుమ్మరించాడు.

"చూడు. పేరున్నయి అయిదు. గీ కిందిమీద రాత ఎవలిది? ఎడమచెయ్యిది కాదా?"

ఆశన్న చూశాడు. అక్షరాలు ఒరిగి ఉన్నాయి. పేరు తనదే.

రెండింటి మీద ఇంటు. ఎనిమిదోదాని మీద ఏమీ లేదు.

"ఇదెవలిది?" అన్నాడు రాజశేఖర్.

"ఖలాస్. ఈ ముచ్చట ఇగ నా దగ్గర ఎత్తకుండ్రి," అని ఆశన్న విరిగిన ఫ్రేము చంకన పెట్టుకుని మెట్లు దిగిపోయాడు.

తన పేరు తానే రాసుకోలేక, నాలుగేళ్ళూ ఆ ఖాళీ చీటీ వేసింది ఆశన్నే; తప్పిన మూడింట్లో తనదీ ఒకటని మాత్రం ఎన్నడూ లెక్కేసుకోలేదు.