తాళం వేసిన తొట్టి

“ఇరవయ్యెనిమిదే ఉన్నాయి బావా. మొన్న ముప్పయ్యొకటి. మూడూ ఏటైపోనాయి?”

బకెట్లోని రొయ్యల్ని రెండోసారి లెక్కపెట్టి గోవిందరావు నిలదీశాడు. ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలో అతని క్వార్టర్ వెనక సిమెంటు తొట్టి ఉంది. అతనూ, చెల్లెలి మొగుడు దేముడూ రైల్వే వర్క్‌షాపులో, బాయిలర్ షాపులో పని చేస్తారు. రిటైరయ్యాక నిమ్‌పురా దగ్గర చెరువు తీసుకుని, ఇద్దరూ కలిసి రొయ్యలు పెంచాలని ఆశ. ముందుగా తొట్టిలో పెంచి చూస్తున్నారు. తొట్టి మీద ఇనప జాలీ, దానికి తాళం. తాళంచెవులు రెండు, చెరొకటి. చచ్చిన రొయ్య ఒక్కటీ కనబడలేదు.

“నాకేటి తెలుస్తాది బావా! పెద్దోటికేసిన తవుడుండలు పిల్లోటి నోటికి అందవు. ఆటికి గుడ్డూ, ఎండుసేపల పొడీ ఉడికించి, జల్లించి ఎయ్యాల. పెద్దోటికీ బలమైన మేత కావాల. పిల్లల్ని ఏరే తొట్టిలో ఉంచుదుమని మొత్తుకుంటన్నాను.”

“గుడ్లు రొయ్యలకా, నీ కంచంలోకా?”

దేముడి ముఖం మాడిపోయింది. గోవిందరావుకి మాత్రం అనుమానం ఒకసారి పట్టుకుంటే ఓ పట్టాన వదలదు. ఆ సాయంత్రమే పూరీ గేట్ బస్తీలో చెల్లెలింటికి వెళ్లాడు. పెరట్లో చేటనిండా రొయ్యల పెంకులు ఎండుతున్నాయి.

“ఇయ్యేటే దాలమ్మా?”

“మీ తొట్టిలోయే అన్నయ్యా. రొయ్య పెరిగినప్పుడల్లా పాత పెంకు ఇడిసేస్తాదంట. ఏరుకొచ్చినారు మీ బావ. పొడిసేసి మేతలో కలుపుతారంట.”

“ఠీక్ హై! నీకూ బాగానే నేర్పినాడు.”

గూట్లోని దేముడి తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాడు. “దొంగోడి గుమ్మం ఇంక తొక్కను” అన్నాడు. దాలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

వారం గడిచింది. తాళం అతను తప్ప ఎవరూ తీయలేదు. మేత కూడా తనే వేశాడు, చిన్నవాటికీ పెద్దవాటికీ అవే ఉండలు. షాపులో దేముడు పలకరించబోతే తల తిప్పుకున్నాడు. ఇరవయ్యేళ్ల స్నేహం అని లోపల ఎక్కడో కలుక్కుమన్నా, మెత్తబడలేదు.

ఆదివారం మళ్లీ లెక్కపెట్టాడు. ఇరవై రెండు.

“మూడో తాళంచెవి సేయించేసినాడు!” గోవిందరావు పళ్లు నూరాడు. “రేపు షాపులో పదిమందిలో అడిగేత్తాను.”

రొయ్యల్ని తొట్టిలోకి ఒంపి, తాళం వేయబోతూ నీళ్లలోకి చూశాడు.

పెద్ద రొయ్య పిల్ల రొయ్యను తింటోంది.