రెండు పట్టికల పసుపు

పున్నమ్మ నలభై బస్తాల పసుపునూ గుమాస్తా సీతారామాంజనేయులు ఒక్క బస్తా తాకకుండానే కాజేసే ఎత్తు వేశాడు. కంప్యూటరులో రెండు పేర్లు అటూ ఇటూ మార్చాడు, అంతే.

దుగ్గిరాల దగ్గరి ఆ కోల్డ్ స్టోరేజీకి 1997లో కంప్యూటరు వచ్చింది. వచ్చీ రాగానే బస్తాల మీద రైతుల పేర్లు రంగుతో రాయడం నామోషీ అయిపోయింది. ప్రోగ్రాం రాసిన తెనాలి అమ్మాయి ప్రమీలారాణి గుమాస్తాలకి ఓపిగ్గా చెప్పింది.

"తెర మీద ఒక రైతు సరుకు ఒక్కటిగానే కనబడుద్దండి. లోపల మాత్రం రెండు పట్టికలు. ఒకదాంట్లో నంబరూ, రైతు పేరూ. రెండోదాంట్లో అదే నంబరూ, సరుకున్న గదీ. నంబరును బట్టి రెండూ కలుస్తాయండి."

పేర్ల పట్టిక సీతారామాంజనేయులి చేతిలో, గదుల పట్టిక ఇంకో గుమాస్తా వసుంధర చేతిలో పెట్టారు. ఇద్దరూ ఒకేసారి దొంగలు కారని యాజమాన్యానికి గట్టి నమ్మకం.

నూట పద్నాలుగో నంబరు పున్నమ్మది. కౌలు చేలో ఏడాదంతా ఆమె పడ్డ కష్టం ఆ బస్తాలే. నూట నలభై ఒకటి సీతారామాంజనేయులి బావమరిది పూర్ణచంద్రరావుది. అవీ నలభై బస్తాలే, కాకపోతే నిండా పుచ్చు. రసీదు మీద నంబరుండదు, పేరే ఉంటుంది. కాబట్టి పేర్లు మారిస్తే మంచి సరుకు బావమరిదికి, పుచ్చు సరుకు పున్నమ్మకి. ముందే చెబితే ఊరంతా చాటుతాడని బావమరిదికి చెప్పలేదు. సరుకు బయటికొచ్చాక చెప్పి సగం అడుగుదామనుకున్నాడు.

ఇద్దరి సరుకూ బయటికి తీసే రోజు రానే వచ్చింది. వసుంధర కొత్త పట్టుచీరలో వచ్చింది. చీర బావుందని సీతారామాంజనేయులు మెచ్చుకున్నాడు కూడా. మనసు బావున్నప్పుడు అన్నీ బావుంటాయి.

హమాలీలు కంప్యూటరు ఇచ్చిన చీటీలో ఉన్న గది చూసి బస్తాలు దించారు. పున్నమ్మ ఒక బస్తా విప్పి కొమ్ము విరిచింది. లోపల పచ్చగా మెరిసింది.

"నా చేత్తో ఉడకబెట్టినయ్యే బాబూ. చల్లగా దాచారు," అని దణ్ణం పెట్టింది.

సీతారామాంజనేయులు గిరుక్కున తిరిగి చూశాడు. అవతల పూర్ణచంద్రరావు బస్తాలోంచి పొడితోపాటు పురుగులు రాలుతున్నాయి. పరుగున వెళ్లి అతని చెవిలో గొణిగాడు.

"పేర్లు నేనే మార్చాను కదరా, ఇదెట్టా జరిగింది?"

పూర్ణచంద్రరావు తల పట్టుకుని బస్తా మీద కూలబడ్డాడు.

"మీరు నిజాయితీపరులు, ఒప్పుకోరేమోనని, ఆ వసుంధరకి పట్టుచీర పెట్టి పట్టికలో గదులు నేను మార్పించాను బావా."