సాంబ్రాణి వేళ

మా పన్నుల డబ్బుతో ప్రభుత్వం మా గోడకే బిగించిన, పిల్లల పెంపకం పాఠాలు చెప్పే టీవీకి ఒక కన్నుంది. పాఠం నడిచినంతసేపూ తల్లి దాని ఎదుట కూర్చోవాల్సిందే. లేస్తే బిడ్డకిచ్చే పాలపొడి ఆపేస్తారు.

ఆ సాయంత్రం లోపలి గదిలో నా కొడుకు గుక్కపట్టి ఏడుస్తున్నాడు. లేవబోయాను.

"కూర్చోండమ్మా. బిడ్డ ఏడుపును అర్థం చేసుకోవడమే ఈరోజు పాఠం," అంది టీవీలో పంతులమ్మ నవ్వుతూ.

మా అత్త పైడమ్మ నిప్పుల మూకుడు తెచ్చి టీవీ కింద పెట్టి, గుప్పెడు సాంబ్రాణి చల్లింది. పొగ కమ్మేసింది.

"తల్లి కనిపించడం లేదు," అంది పంతులమ్మ.

"నీళ్లోసినాం. పిల్లడికి తల ఆరబెడతన్నాం. కన్నోళ్లకి తెలుస్తాది," అని టీవీకి చెప్పి, అత్త నాకు సైగ చేసింది.

పరుగున వెళ్లి వాణ్ణి భుజాన వేసుకున్నాను. కిటికీలోంచి చూస్తే వీధి పొడవునా ప్రతి ఇంటి నుంచీ సాంబ్రాణి పొగ లేస్తోంది. ఏ ఇంట్లోనూ బిడ్డ ఏడవడం లేదు.