డారిల్ నిలబడే చోటు

"మీ ఆయనకు ముప్పై ఎనిమిదేళ్లొచ్చినా జట్టు వదలడే. మా అబ్బాయి బ్రెండన్ ఇంకెన్నాళ్లు బెంచీ మీద కూర్చోవాలి?" చేత్తో పట్టి కాలితో తన్నే మా ఫుట్‌బాల్ మ్యాచ్ ఆఖరి విరామంలో ఆటగాళ్లు తిని పారేసిన నారింజ తొక్కలు ఏరుతూ గ్లెనిస్‌ను అడిగేశాను.

"ఇప్పుడు తన బదులు మీవాణ్ణి ఆటలోకి దింపమని కోచ్‌తో డారిలే చెప్పాడు. అదుగో, కోటు తొడుక్కుని బెంచీ మీద కూర్చున్నాడు," అంది.

నాకింకా మండింది. "అంటే మాకు దయతలిచాడన్నమాట."

"ముందు ఆట చూడవే."

చివరి నిమిషం. ఒక్క పాయింటు వెనకబడి ఉన్నాం. బంతి బ్రెండన్ చేతుల్లో పడింది. ఎదురుగా గోలు ఖాళీగా ఉంది. తన్నమని అరిచాను.

వాడు ఆగాడు. సాధనలో ఎప్పటి అలవాటుగా ఎడమకు తిరిగి, డారిల్ నిలబడే చోటికి బంతి తన్నాడు.

అక్కడ ఎవరూ లేరు.